నార్మల్ రాకూడదని

“పని చేస్తే తగ్గిపోయేది నొప్పెలా అవుతుందమ్మాయ్? బద్ధకం అవుతుంది గానీ.”

మా అత్తయ్య సంపూర్ణమ్మ గారు ఆ మాట అన్న పొద్దున నేను పెరట్లో అంట్ల ముందు పీట మీద కూర్చుని, పైకి లేవడానికి కుళాయి గొట్టం పట్టుకుని ఉన్నాను. ఆవిడ కోపంగా అనలేదు, వెటకారంగానూ అనలేదు. బియ్యంలో రాయి ఏరి పక్కన పడేసినట్టు తేల్చి పడేశారు. తిట్టయితే మనసులో నేనూ పది తిట్టుకుని మర్చిపోయేదాన్ని. తర్కానికి ఏం జవాబు చెబుతాం? లోకంలో ఎవరి నొప్పైనా పని చేస్తే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. నాది తిరకాసు నొప్పి. పడుకుంటే పెరిగేది, పని చేస్తే తగ్గేది. అలాంటి నొప్పిని పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్ళినా మొహం చెల్లదు.

తెల్లారి మెలకువ వచ్చేసరికి నడుం కింది భాగమంతా సిమెంటు పోసినట్టు బిగుసుకుపోయి ఉండేది. పక్కకి తిరగాలంటే మంచం పట్టె పట్టుకోవాలి. కాళ్ళు కిందికి దించి, వంగిన నడుం వంగినట్టే గోడ పట్టుకుని బాత్‌రూమ్ దాకా వెళ్ళాలి. అప్పటికే హాల్లోంచి “కాఫీ అయిందా?” అని ఒక గొంతు, “నీళ్ళు కాగాయా?” అని ఇంకో గొంతు. స్టవ్ గట్టు మీద మోచేతులు ఆన్చి, పాలు పొంగకుండా చూస్తూ అలాగే నిలబడేదాన్ని. ఇడ్లీ పెట్టి, పచ్చడి రుబ్బి, రెండు క్యారేజీలు సర్ది, ఇల్లు ఊడ్చి, అంట్లు తోమేసరికి నడుం మెల్లగా వదిలేది. పాఠాలు చెప్పే స్కూలు టైముకి చీర కట్టుకుని బయటికొచ్చేసరికి నేను మామూలు మనిషినైపోయేదాన్ని. అదే నా నేరమైంది. “చూడండి, ఇప్పుడు లేడిపిల్లలా ఎలా పోతోందో! పొద్దున్న చూడాలి ఈవిడగారి నడక” అని అత్తయ్య అరుగు మీంచి పక్కింటావిడతో అనడం నా వీపుకి వినపడుతూనే ఉండేది.

మా ఆయన జాషువా కరెంటాఫీసులో క్లర్కు. చెడ్డవాడని ఎవరూ అనలేరు, నేనూ అనను. పొద్దున్నే బూట్లు కట్టుకుని షటిల్ ఆడి వచ్చి, వేణ్ణీళ్ళు పోసుకుని, వేడి ఇడ్లీ తిని, శుభ్రంగా ఆఫీసుకి వెళ్ళే మనిషి. “నిన్న ఆదివారం మధ్యాహ్నం హాయిగా నిద్రపోయావు కదా రెబెక్కా, రెస్టు తీసుకుని లేచి కూడా నొప్పంటే ఎవరు నమ్ముతారు చెప్పు?” అనేవారు. అడిగే తీరు ఎంత నెమ్మదిగా ఉండేదంటే, నమ్మించలేకపోవడం కూడా నా చేతకానితనమే అనిపించేది. మా అమ్మాయి పుట్టినప్పుడు ఆపరేషన్ కోసం వెన్నుకి ఇంజక్షన్ ఇచ్చారు కాబట్టి ఇదంతా దాని ప్రభావమేనని మా పాలకొల్లు వీధి వీధంతా తీర్మానించింది. ఆ అమ్మాయి అప్పటికే గుంటూరు హాస్టల్లో ఇంటర్ చదువుతోంది. నా నొప్పి దానికంటే వయసులో పెద్దది. ఆ సంగతి చెబితే వినేవాళ్ళేరీ?

మా ఇంట్లో నొప్పికి కొలమానం అత్తయ్య మోకాళ్ళు. పొద్దున్న లేచి పెరడంతా తిరిగేవారు. సాయంత్రమయ్యేసరికి గుమ్మం పట్టుకుని గానీ గడప దాటలేకపోయేవారు. ఎంత పని చేస్తే అంత నొప్పి, కూర్చుంటే ఉపశమనం. నిజాయితీ గల నొప్పి అది. దానికి ఎక్స్‌రే కూడా ఉంది. క్యాలెండరు మేకుకి వేలాడుతూ ఉండేది. చుట్టాలు వస్తే తీసి చూపించేవారు. నాకూ రెండుసార్లు ఎక్స్‌రే తీయించారు. “అద్దంలా ఉందమ్మా నీ వెన్ను! టెన్షన్లు తగ్గించుకో, కాల్షియం వేసుకో” అన్నారు ఎముకల డాక్టరు గారు. మా ఆయన ఆ ‘అద్దంలా’ అనే మాటని బంధువులందరికీ చెప్పి మురిసిపోయారు. అప్పటినుంచి నేను ‘అబ్బా’ అన్నప్పుడల్లా “అద్దంలా ఉందన్నారు కదే” అనడం ఇంట్లో అలవాటైపోయింది.

చివరికి నేను కూడా నమ్మడం మొదలుపెట్టాను. అది అన్నిటికన్నా పెద్ద దెబ్బ. మంచం మీద కదల్లేక పడి ఉండి, ఇది నిజంగా నొప్పా, నేను తెచ్చిపెట్టుకున్నదా అని నన్ను నేనే నిలదీసుకునేదాన్ని. లేవాలని లేకపోతే ఒళ్ళు ఇలా నాటకం ఆడుతుందా? చర్చిలో ఆడవాళ్ళందరూ ఎడం పక్కన చాపల మీద కూర్చుంటే, నేను కింద కూర్చుని లేవలేక వెనక కుర్చీ వేయించుకునేదాన్ని. “టీచరమ్మకి కుర్చీ కావాలండీ” అని ఎవరో గొణిగితే, పొగరు కూడా ఉందేమో నాకు అని భయం వేసేది. బద్ధకం, నటన, పొగరు. ఒక్క నడుములో ఇన్ని గుణాలు పట్టాయంటే నాకే ఆశ్చర్యంగా ఉండేది.

రెండువేల ఆరో సంవత్సరం వానాకాలంలో నా కుడికన్ను ఎర్రబడింది. కళ్ళకలక అన్నారందరూ. అత్తయ్య నందివర్ధనం పూలు తెచ్చి కంటికి కట్టారు. ఆ విషయంలో ఆవిడ ప్రేమకి లోటు లేదు, కన్ను ఎర్రగా కనపడుతోంది కదా మరి. తగ్గలేదు సరికదా, వెలుతురు చూస్తే సూదులు గుచ్చినట్టు ఉండటంతో కంటి డాక్టరు హరిబాబు గారి దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన. టార్చి వేసి, కంటిని అద్దాల మిషన్‌లోంచి చాలాసేపు చూసి, కుర్చీలో వెనక్కి వాలి అడిగారు:

“ఏమ్మా, పొద్దున్న లేవగానే నీకు నడుం పట్టేస్తుందా?”

నేను బిత్తరపోయాను. కంటి డాక్టరు నడుం సంగతి అడగడమేంటి?

“పట్టేసి, కాసేపు అటూ ఇటూ తిరిగితే వదులుతుందా?” అన్నారు మళ్ళీ.

ఆ మాటతో ఎర్రబడిన కంట్లోంచీ, బాగున్న కంట్లోంచీ కూడా నీళ్ళు బొటబొటా కారాయి. ఇన్నేళ్ళుగా నేను చెబితే ఎవరికీ ఎక్కని మాటని, నేను చెప్పకుండా ఒక మనిషి నాకే చెబుతున్నారు! నాలాంటి నొప్పి ఇంకెక్కడో ఇంకెవరికో కూడా ఉందన్నమాట. దానికొక దారీ తెన్నూ ఉన్నాయన్నమాట. ఆయన కంగారుపడి, “ఏడవకమ్మా, కంట్లో చుక్కలు వేశాను, పోతాయి” అన్నారు. కంటి లోపలి వాపుకీ ఒకరకం కీళ్ళజబ్బుకీ సంబంధం ఉంటుందనీ, కాకినాడలో దుర్గాశ్రీ అనే కీళ్ళజబ్బుల డాక్టరు ఉన్నారనీ చెప్పి చీటీ రాసిచ్చారు.

దుర్గాశ్రీ గారు నాకంటే చిన్నావిడ. నన్ను వంచి, తిప్పి, తుంటి మీద నొక్కి, నా పాత ఎక్స్‌రేలు చూసి పక్కన పెట్టేశారు. “ఇవి బాగున్నంత మాత్రాన మీరు బాగున్నట్టు కాదండి. నడుముకి ఎమ్మారై తీద్దాం. ఇక్కడే కొత్త మిషన్ వచ్చింది. వచ్చే వారం రండి” అన్నారు. తిరిగొచ్చే దారి పొడుగునా మా ఆయన లెక్కలు వేస్తూనే ఉన్నారు. సిద్ధాంతం బ్రిడ్జి మీదకి బస్సు వచ్చేసరికి ఇక ఆగలేక, “అంత డబ్బు పోసి నార్మల్ అని రాయించుకోవాలా?” అన్నారు. నా జీతంలోంచే కడతానన్నాను. “నీ జీతం అంటే మన జీతం కాదా?” అన్నారు నొచ్చుకుంటూ. మన జీతమే. మన నొప్పి మాత్రం కాదు. కింద గోదావరి ఎర్రగా నిండుగా పోతోంది, దాన్ని చూస్తూ కూర్చున్నాను.

ఆ ఆదివారం అత్తయ్య నా పేరు మీద చర్చిలో ప్రార్థన విన్నపం ఇచ్చారు. పాస్టరు ఆశీర్వాదం గారు కళ్ళు మూసుకుని, చేతులు చాచి, “ప్రభువా, మా సహోదరి రెబెక్కాకి తీయబోయే స్కానింగులో ఏ లోపమూ కనపడకుండా, రిపోర్టు నార్మల్‌గా వచ్చేలా కృప చూపించు” అని ప్రార్థించారు. సంఘమంతా గట్టిగా ఆమెన్ అంది. మా ఆయన గొంతు మగవాళ్ళ వైపు నుంచి స్పష్టంగా వినపడింది. నేను మాత్రం నోరు తెరవలేదు. నార్మల్ వస్తే నా గతేంటి? ఇన్నేళ్ళ నా పొద్దులన్నీ బద్ధకమని ముద్ర వేసి చేతిలో పెట్టినట్టే కదా? వెనక కుర్చీలో తల వంచుకుని, నేను వేరే ప్రార్థన చేసుకున్నాను. ‘తండ్రీ, ఏదో ఒకటి కనపడనీ. పెద్దది కాకపోయినా ఫరవాలేదు. నార్మల్ మాత్రం రానివ్వకు.’ ఇలా జబ్బు కోసం మొక్కుకున్న మనిషిని దేవుడు కూడా ఎప్పుడూ చూసి ఉండడు.

స్కానింగు రోజు అత్తయ్య కూడా బయల్దేరారు. “ఎలాగూ వెళ్తున్నారుగా, నా మోకాళ్ళు కూడా ఆవిడకి చూపించుకుంటాను” అన్నారు. ముగ్గురం పొద్దున్నే బస్సెక్కాం. స్కానింగు సెంటర్లో ఒకతను నగలన్నీ తీయమన్నాడు. గాజులు, చెవులవి, మెడలోవి, కాలివేళ్ళవి అన్నీ అత్తయ్య కొంగున కట్టుకున్నారు. “ఒంట్లో ఐరన్ ఏమైనా ఉందాండీ?” అని అడిగాడతను. “తక్కువేనండీ, మాత్రలు వాడుతున్నాను” అన్నాను బుద్ధిగా. అతను పకపకా నవ్వి, రాడ్లు, మేకులు లాంటివి ఏమైనా వేశారా అని అడుగుతున్నానండీ అన్నాడు. పెళ్ళికి ముందు కాలేజీలో ఉన్నప్పటిలా నాకూ నవ్వాగలేదు.

ఆ గొట్టంలోకి పంపేముందు కదలొద్దన్నాడు. నా జబ్బుకి అసలైన పరీక్ష అదే. లోపల రైస్‌మిల్లు పెట్టినట్టు ఒకటే మోత. ఒక మోత ఆగితే ఇంకో రకం మోత. మొదట్లో బాగానే ఉన్నాను. కాసేపటికి నడుం కింద బిగుసుకోవడం మొదలైంది. కదలాలని ప్రాణం కొట్టుకుంటోంది, కదిలితే బొమ్మ చెదురుతుందంట. ఇన్నేళ్ళలో నా నొప్పి వచ్చేటప్పుడు పక్కన ఒక సాక్షి ఉండటం అదే మొదటిసారి. రా, ఎంత వస్తావో రా, బాగా వెలుగులోకి రా అని దాన్ని పిలిచాను. బళ్ళో సిగ్గుపడి మూల నక్కిన పిల్లని ఇన్‌స్పెక్టరు ముందుకి తోసే టీచరులా ఉంది నా పని. పళ్ళు బిగపట్టుకుని నవ్వుకున్నాను.

బల్ల బయటికి జరిపాక లేవబోతే లేవలేకపోయాను. అతను చెయ్యి అందించాడు. వంగిన నడుం వంగినట్టే, గోడ పట్టుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ తలుపు దాకా వచ్చాను. ఎదురుగా అత్తయ్య. కొంగులో నా నగల మూట పట్టుకుని నిలబడిపోయి చూస్తున్నారు. నేనలా నడవడం ఆవిడ చూడనిదేం కాదు, కానీ ఎప్పుడూ పొద్దున్నే, పని ముందరే చూశారు. ఇప్పుడు మధ్యాహ్నం. ఇక్కడ తప్పించుకోవడానికి నాకు పనేమీ లేదు.

“మధ్యాహ్నం పూట కూడానా?” అన్నారు మెల్లగా.

“కదలకుండా పడుకున్నాను కదండీ” అన్నాను.

సాయంత్రం దుర్గాశ్రీ గారు గోడకున్న లైటు పెట్టె మీద రెండు ఫిల్ములు పక్కపక్కన పెట్టారు. ఒకటి ఆ రోజే నిలబెట్టి తీసిన అత్తయ్య మోకాళ్ళ ఎక్స్‌రే. రెండోది నా నడుం.

“ఇది మీ మోకాలండి పెద్దమ్మగారూ. ఎముకకీ ఎముకకీ మధ్య ఉండాల్సిన ఖాళీ ఇటు పక్క పోయింది. ఇది అరుగుదల. తిరిగేకొద్దీ నొప్పి, కూర్చుంటే నయం. అవునాండీ?”

“అవునమ్మా” అన్నారు అత్తయ్య.

“ఇది మీ కోడలి నడుం. వెన్ను వచ్చి తుంటి ఎముకలతో కలిసే చోటు. రెండు వైపులా తెల్లగా మెరుస్తోంది చూడండి, అది ఎముక లోపలి వాపు. అరిగింది కాదు. జబ్బుల్నుంచి కాపాడాల్సిన శక్తి దారి తప్పి సొంత కీళ్ళ మీదే పడింది. కదలకపోతే బిగుసుకుంటుంది, కదిలితే వదులుతుంది. కంటికి వచ్చిందీ దీని తాలూకే. రెండిటినీ జనం కీళ్ళనొప్పులనే అంటారు, కానీ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు.”

“మరి ఎక్స్‌రేలో అద్దంలా ఉందన్నారండీ” అన్నారు మా ఆయన, ఆ మాటని వదల్లేక.

“ఎముక రూపం మారితేనే ఎక్స్‌రేకి తెలుస్తుందండి. అందుకు ఏళ్ళు పడుతుంది. ఇల్లు తగలబడ్డాక మొండిగోడలు ఎవరికైనా కనపడతాయి. లోపల నిప్పు రాజుకుంటున్నప్పుడే చూడాలంటే ఇలాంటి స్కాన్ కావాలి. నేను చదువుకునేటప్పుడు ఇది మగవాళ్ళ జబ్బనే చెప్పేవారు. ఆడవాళ్ళు పొద్దున్నే నడుం పట్టేసిందంటే అడిగేవాళ్ళు లేక అలా అనుకున్నారేమో.”

నేను ఆ తెల్లటి మెరుపుల్నే చూస్తున్నాను. నా ఒంట్లో ఉన్నాయవి. నేను తెచ్చిపెట్టుకోలేదు, నటించలేదు. నాకు బద్ధకం లేదు! ఎప్పుడూ లేదు! ఒంట్లో అంత మంట పెట్టుకుని ప్రతి పొద్దునా ఇద్దరికి వంట చేసి, బడికి వెళ్ళి, పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషిని నేను. కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాను.

మా ఆయన ఇబ్బందిగా కదిలి, “మా ఆవిడకి సరిగ్గా అర్థమైనట్టు లేదండి” అన్నారు డాక్టరు గారితో.

“ఆవిడకే అర్థమైందండి” అన్నారు దుర్గాశ్రీ గారు.

మందులు రాశారు. పూర్తిగా పోయే జబ్బు కాదని, అదుపులో పెట్టుకోవచ్చని, కదలిక ముఖ్యమని చెప్పారు. మా ఆయన మొహం విప్పారింది. “అంటే పనే మందన్నమాట! ఇంటిపని ఎలాగూ చేస్తూనే ఉంటుంది కదండీ.”

“వంగి ఊడవడం, పీట మీద కూర్చుని తోమడం వ్యాయామం కాదండి. పొద్దున్న లేవగానే వేణ్ణీళ్ళ స్నానం, తర్వాత నేను చూపించే వ్యాయామాలు, తర్వాతే ఏదైనా. పొద్దున మొదటి గంట ఈవిడది.”

“మరి కాఫీ అదీ…”

“అది నేను ప్రిస్క్రిప్షన్‌లో రాయనండి” అన్నారావిడ తల ఎత్తకుండా.

రావులపాలెంలో బస్సు ఆగినప్పుడు నేనే దిగి ఆత్రేయపురం పూతరేకులు కొన్నాను. అత్తయ్యకి ఒక పొట్లం, స్కూలుకి ఒకటి, చర్చికి ఒకటి. “జబ్బొచ్చిందని స్వీట్లు పంచే మనిషిని నిన్నే చూశాను” అన్నారు మా ఆయన. ఒకటి విప్పి ఆయన నోట్లో పెట్టాను. అత్తయ్య దారంతా పొట్లం ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు.

ఇంటికి వచ్చాక కథ మారిపోయి ఉంటే ఎంత బాగుండేది! మందులు పనిచేశాయి, అది నిజం. కానీ నేను గదిలో చాప మీద పడుకుని కాళ్ళు ఎత్తుతుంటే తలుపు దగ్గర మా ఆయన గొంతు వినపడేది. “అయిపోయిందా? ఏం లేదు, కంగారేం లేదు, కాఫీ కోసం అంతే.” కంగారేం లేని మనిషి మళ్ళీ కాసేపటికి వచ్చి అదే మాట అనేవారు. రోజూ కాస్త కాస్త తరిగి నా గంట అరగంటకి దిగింది, అరగంట కూడా గుమ్మం వైపు చెవి పెట్టుకునే సాగేది. అరుగు మీద అత్తయ్య పక్కింటావిడతో, “కదలాలంటమ్మా. పనే మందంట. నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాగా” అనడం కూడా విన్నాను. ఇదేం న్యాయం? జబ్బు లేదన్నప్పుడు లేదు కాబట్టి పని చెయ్యమన్నారు. ఇప్పుడు ఉంది కాబట్టి చెయ్యమంటున్నారు. రుజువు చేతికొచ్చాక కూడా నా పొద్దు నాకు రాకుండా పోతోంది.

ఆ నెల ఆఖరి ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే రోజు. దేవుడు చేసిన మేలు గురించి ఎవరైనా లేచి చెప్పొచ్చు. ఇన్నేళ్ళలో నేను ఒక్కసారీ లేవలేదు. ఆ రోజు పాస్టరు గారు పిలవకముందే వెనక కుర్చీలోంచి లేచి ముందుకి నడిచాను.

“వందనాలండీ. మీరందరూ నా రిపోర్టు నార్మల్ రావాలని ప్రార్థన చేశారు. మీ ప్రేమకి కృతజ్ఞతలు. నేను మాత్రం వెనక కూర్చుని నార్మల్ రాకూడదని ప్రార్థన చేశాను. దేవుడు మీ అందరి మాటా పక్కన పెట్టి, నా ఒక్కదాని మాటే విన్నాడు.”

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు, ఆ నవ్వు చాపల మీంచి మగవాళ్ళ బెంచీల దాకా పాకింది. ఆశీర్వాదం గారు కూడా గడ్డం తడుముకుంటూ నవ్వారు. నేను స్కానింగు గురించి చెప్పాను. తెల్లగా మెరిసిన చోటు గురించి చెప్పాను. “ఇంట్లో నన్నెవరూ కావాలని బాధపెట్టలేదండీ. మా అత్తయ్యగారివి పని చేస్తే నొప్పెట్టే మోకాళ్ళు. ఆవిడ ఆ మోకాళ్ళతోనే ముప్పై నలభై ఏళ్ళు పని చేశారు. ఆవిణ్ణి మాత్రం ఎవరు కూర్చోమన్నారు? నాది కూర్చుంటే బిగుసుకునే నడుం. ఆవిడ నొప్పి పెట్టి నా నొప్పిని కొలిస్తే నాది అబద్ధంగా కనపడింది. నా మాట నిజమని దేవుడు ఒక మిషన్ ద్వారా చూపించాడు. అందుకు స్తోత్రం.” ఈసారి ఆమెన్ అన్నాను, గట్టిగా.

ఆరాధన అయ్యాక పూతరేకులు పంచుతుంటే దీనమ్మ అనే పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, “అమ్మా, మా కోడలూ అంతే, పొద్దున్నే లేవలేదు. ఒళ్ళు బరువనుకుంటన్నాను” అంది. ఆవిడ వెనకాలే ఉన్న కోడలు నా వైపు చూసిన చూపు నాకు కొత్త కాదు. కంటి డాక్టరు ముందు నేనూ అలాగే చూసి ఉంటాను. డాక్టరు గారి పేరు, ఊరు ఆ అమ్మాయికే చెప్పాను, అత్తకి కాదు.

ఇంటికి వచ్చి కోడికూర పొయ్యి మీద పెట్టాను. అత్తయ్య వంటింట్లోకి వచ్చి, పీట కాదు, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఉల్లిపాయలు ముందుకి జరుపుకుని పొట్టు తీయడం మొదలుపెట్టారు.

“నలభై ఏళ్ళని చెప్పావు అందరిలో” అన్నారు.

“తప్పాండీ?”

“నలభై కంటే ఎక్కువే. మీ మావయ్యకి నా మోకాళ్ళ సంగతే తెలీదు పోయేదాకా.” ఉల్లిపాయ ఘాటుకో దేనికో కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. “ఇలా చేద్దామమ్మాయ్. నాకు పొద్దున్న బాగుంటుంది, సాయంత్రం చేతకాదు. నీకు పొద్దున్న చేతకాదు, సాయంత్రం బాగుంటుంది. పొద్దుటి పని నాది, సాయంత్రం పని నీది. కాఫీ నేను పెడతాను, నువ్వు నీ కసరత్తు చేసుకో. ఎవరన్నా తలుపు కొడితే నేను చెబుతాను. ఇద్దరం కలిస్తే ఒక మనిషి పని అయిపోద్ది.”

ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆవిడ నాకిచ్చిన వాటన్నిటిలో అదే పెద్దది. ‘సరేనండీ’ అనేసి ఆవిణ్ణి కావలించుకునేదాన్నే. గరిటె పక్కన పెట్టాను కూడా. సరిగ్గా అప్పుడు హాల్లో పేపరు తిరగేసిన చప్పుడైంది. కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని, ఆ కాలిని హాయిగా ఊపుకుంటూ మా ఆయన. చీలమండ దగ్గర కాలు ఎంత చక్కగా తిరుగుతోందో! ఒక చప్పుడు లేదు, ఒక పట్టు లేదు.

నాకు మళ్ళీ ఆ డాక్టరు గదిలో వచ్చిన నవ్వే వచ్చింది.

“అత్తయ్యా, మీ పొద్దూ నా సాయంత్రమూ అతికాయి, బాగానే ఉంది. కానీ ఒకటి చూశారా? ఉన్న ఇద్దరు కీళ్ళ రోగులమూ కూర్చుని ఇంటిపనంతా మనిద్దరికే పంచేసుకున్నాం. ఒక్క కీలూ నొప్పి లేని మనిషి వాటాకి ఏమీ మిగల్చలేదు.”

ఆవిడ చేతిలో ఉల్లిపాయ ఆగిపోయింది. నా మొహం వైపు చూశారు. మెల్లగా తల తిప్పి హాలు వైపు, ఊగుతున్న ఆ కాలి వైపు చాలాసేపు చూశారు. పెదవులు అదిరాయి. కోప్పడతారేమో అనుకున్నాను. ఆవిడ ఉల్లిపాయల పళ్ళెమూ కత్తీ రెండూ తను లేచిన కుర్చీ మీద పెట్టి, గుమ్మం దాకా వెళ్ళి, నవ్వాపుకుంటూ కేకేశారు:

“ఒరే జాషువా! నీ కీళ్ళన్నీ బాగున్నాయా నాయనా? అయితే ఇలా రా.”